రింగుకి నీళ్ళంటే భయం లేదు

ప్రశ్న:
అయ్యా, నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. బజారులో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఉద్యోగంలో చేరి మొదటి జీతంతో నాకో వాచీ కొనిపెట్టింది. వెనక, నీళ్ళని తట్టుకునే లెక్క, 5 బార్ అని ఉంది. రెండున్నరేళ్ళు ఏ చిక్కూ లేదు. ఈ వేసవిలో సెల్ అయిపోతే మా వీధి చివర వాచీలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. మూత తీసి, లోపలికి నీళ్ళు రాకుండా మూత కింద ఉండే నల్ల రబ్బరు రింగుకి జిడ్డు పట్టిందని పెట్రోలు గిన్నెలో వేశాడు. ఇద్దరం టీ తాగి వచ్చేసరికి అది సాగిపోయి ఉంది, గాడిలో పట్టలేదు. చిన్న ముక్క కోసి, రెండు కొసలూ జిగురుతో అతికించి మూత బిగించాడు. ఆషాఢం వానలు మొదలైన దగ్గర్నుంచి పొద్దున్నే అద్దం లోపల ఆవిరి కనబడుతోంది. ఇంట్లోవాళ్ళు బియ్యం డబ్బాలో పెట్టమంటే పెట్టాను. రింగుకి వాజలీన్ రాయమని ఒకరు, కొబ్బరినూనె రాయమని ఒకరు అంటున్నారు. నేను దుకాణంలో మందులు కొలుస్తాను. ఆ తర్వాత చేతులతో పాటు వాచీని కూడా శానిటైజరుతో తుడుస్తాను. సాయంత్రం దోమల మందు రాసుకుంటాను. వీటిలో రింగుని ఏది పాడుచేసింది? కొత్తది వేయిస్తే ఏ రబ్బరు అడగాలి? మా నాన్నగారి హెచ్.ఎం.టి. జనతా వాచీ, కీ ఇచ్చేది, అది కూడా ఇంట్లో ఉంది. దానికీ ఇలాంటి రింగు వేయించవచ్చా?
— గుణుపురం నుంచి ఒక పాఠకుడు

సమాధానం:
ముందు ఆ వాచీని బియ్యం డబ్బాలోంచి తీయండి బాబూ. మూత బిగించి ఉన్నంతసేపూ తడి లోపల, బియ్యం బయట. మధ్యలో ఉక్కు గోడ. బియ్యం ఏం పీలుస్తుంది? ఎండలో కూడా పెట్టకండి. వేడికి లోపలి తడి ఆవిరై డయలంతా పరుచుకుంటుంది, చల్లబడగానే మళ్ళీ నీరై మిషను మీద దిగుతుంది. ఈరోజే మూత తీయించి, సెల్ బయటికి తీయించి, మిషనుని ఆరనివ్వండి. సెల్ వాచీలో వెంట్రుక కంటే సన్నటి రాగితీగ చుట్ట ఒకటి ఉంటుంది. అది తెగితే రింగు ఖర్చుతో పోయేది మిషను ఖర్చు దాకా వస్తుంది. కాబట్టి మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు గానీ, ఈ పని మాత్రం సంత రోజు దాకా వాయిదా వేయకండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు నాలుగు పేర్లు చెప్పి వీటిలో దొంగ ఎవరని అడిగారు. మీ ఉత్తరంలోనే దొంగ దొరికాడు. పెట్రోలు గిన్నె, ఆ పక్కనే కత్తెర.

రబ్బరు అంటే పొడవాటి దారాల చిక్కుముడి అనుకోండి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుని గంధకంతో కలిపి వేడిచేసి, ఆ దారాల మధ్య అక్కడక్కడా ముడులు పడేలా చేశాడు. ఆ ముడుల వల్లే ఈ రోజుకీ రబ్బరు లాగితే సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. పెట్రోలు పుట్టుకలో రబ్బరుకి దగ్గరి చుట్టం. చుట్టాన్ని గుమ్మంలో ఆపలేం కదా, దారాల సందుల్లోకి దూరి కూర్చుంటుంది. ముడులు ఉన్నాయి కనక రబ్బరు కరిగిపోదు, ఉబ్బి ఊరుకుంటుంది. వాచీ రింగు ముప్పాతిక మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో మందం ఉంటుంది. అంత సన్నటి దారం నిండా తాగడానికి టీ తాగినంత సేపు చాలు. పైగా ఇప్పుడు బంకులో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. వాచీ రింగులకి ఎక్కువగా వాడే నైట్రైల్ రబ్బరు ఒట్టి పెట్రోలుని ఓర్చుకున్నంతగా ఈ కలిపిన పెట్రోలుని ఓర్చుకోలేదు. మా గురువుల కాలంలో నడిచిన పెట్రోలు కడుగుడు ఈ కాలంలో అదే లెక్కన నడవదు.

ఉబ్బిన రింగుని ఒక కాగితం మీద పడేసి, ఒక రోజు గాలికి వదిలేసి ఉంటే పెట్రోలు ఎగిరిపోయి మళ్ళీ గాడి కొలతకి దగ్గరగా వచ్చేది. మీ అతను తొందరపడి, ఉబ్బిన కొలతకి ముక్క కోశాడు. మూత బిగించాక పెట్రోలు మెల్లగా ఆరిపోయింది. రింగు తన పాత సైజుకి దిగింది, ఇంకొంచెం చిన్నదే అయి ఉంటుంది. ఎందుకంటే రబ్బరు మెత్తగా ఉండడానికి తయారీలో కలిపే నూనెల్ని పెట్రోలు పోతూపోతూ తన వెంట పట్టుకుపోతుంది. ఇక లెక్క వేసుకోండి. కోసిన ముక్క ఎటూ లేదు, మిగిలింది కుంచించుకుపోయింది. ఆ లాగుడికి జిగురు అతుకు విడిపోయి ఉంటుంది. వేసవిలో గాలి పొడిగా ఉంది కనక మీకు తెలియలేదు. ఆషాఢం రాగానే తేమ ఆ సందులోంచి లోపలికి నడిచింది. పొద్దుటి చల్లదనానికి అద్దం లోపలి వైపున చేరి కనబడుతోంది.

రింగుకి నీళ్ళంటే భయం లేదు. రోజంతా నీళ్ళలో పడేసినా దానికి ఏమీ కాదు. దాని శత్రువులు వేరు, ఒక్కో రబ్బరుకి ఒక్కో శత్రువు. చిక్కంతా అక్కడే. ఒకదానికి మందైనది ఇంకోదానికి విషం. మీ దుకాణంలో ఒక పంట మందు ఇంకో పంటకి కొట్టనివ్వరు కదా, ఇదీ అంతే.

వాచీల్లో ఎక్కువగా కనబడేది నైట్రైల్. బ్యూటాడయీన్, ఆక్రిలోనైట్రైల్ అనే రెండు సరుకులు కలిపి చేస్తారు. రెండోది పెరిగేకొద్దీ నూనె తక్కువ పీలుస్తుంది గానీ చలికి బిగుసుకుంటుంది. గ్రీజు, కొబ్బరినూనె, చెమట, సబ్బు నీళ్ళు దీన్ని పెద్దగా ఏమీ చేయవు. గోళ్ళ రంగు తుడిచే అసిటోన్, పెయింటు థిన్నరు, గుడ్డలు తెల్లబరిచే బ్లీచింగ్ నీళ్ళు దీనికి పడవు. ఎండా పడదు, మోటార్ల దగ్గర పుట్టే ఓజోను అసలు పడదు. సాగదీసి ఎండలో ఉంచితే సాగిన దిక్కుకి అడ్డంగా సన్నటి పగుళ్ళు వస్తాయి. అందుకే చెబుతున్నాను, బడ్డీలో మేకుకి దండలా వేలాడదీసిన రింగుల్లోంచి ఒకటి పీకి ఇస్తే తీసుకోకండి. అది మీ వాచీ ఎక్కకముందే ముసలిదైపోయింది. వేళ్ళ మధ్య వంచి, వంపు బయటి వైపు అద్దంతో చూడండి. గీతలు కనబడితే వెనక్కి ఇచ్చేయండి.

ఈ.పీ.డీ.ఎం. అని ఇంకొకటి ఉంది. దీని స్వభావం సరిగ్గా ఎదురు. వేడినీళ్ళు, ఆవిరి, ఎండ, అసిటోన్, స్పిరిట్ అన్నీ తట్టుకుంటుంది, పెట్రోలూ గ్రీజూ తగిలితే మాత్రం బూరెలా పొంగుతుంది. మీ రింగు టీ తాగే వ్యవధిలో గాడిలో పట్టనంత సాగిందంటే ఇదే అయి ఉండొచ్చు. అయితే నలుపు చూసి ఏ రబ్బరో ఎవరూ చెప్పలేరు, నలభై ఏళ్ళు ఈ పనిలో ఉన్న నేను కూడా. సిలికోన్ రింగులు వేడికీ చలికీ బాగా ఆగుతాయి గానీ చిరుగు త్వరగా పడుతుంది, పెట్రోలుకి ఇవీ ఉబ్బుతాయి. నాలుగోది వైటాన్ పేరుతో దొరికే ఫ్లోరిన్ రబ్బరు. పెట్రోలు, నూనెలు, పురుగుమందుల్లో వాడే ద్రావకాలు, ఎండ అన్నిటికీ నిలబడుతుంది. అసిటోన్ ముందు మాత్రం ఇంత ఖరీదైనదీ తలవంచుతుంది.

మీకు ఏది కావాలి? వాచీ తీసి పక్కన పెట్టే అలవాటు చేసుకుంటానంటే మామూలు నైట్రైల్ చాలు. మందుల మధ్య రోజంతా చేతికి ఉండాల్సిందే అంటే, కొలత దొరికిన పక్షంలో వైటాన్ వేయించండి. కొలత విషయంలో ఒక మాట. పాత రింగుని చూపించి అలాంటిదే కావాలని అడగకండి. అది కోసినది, కుంచించుకున్నది, దాని కొలత అబద్ధం చెబుతుంది. గాడిని కొలిపించండి. లోపలి వ్యాసం, గాడి వెడల్పు, లోతు. కొన్నిటికి గుండ్రటి దారంలాంటి రింగు, కొన్నిటికి పలక రింగు. గుండ్రటి దాని చోట పలకది వేస్తే మూత పట్టినట్టే ఉంటుంది, నీళ్ళూ వస్తాయి. ఏ రకమైనా సరే, చుట్టు పూర్తిగా ఉన్నదే వేయాలి. వాచీకి అతుకు రింగు పనికిరాదు. గోనెసంచి నోరు దారంతో కట్టి, మధ్యలో జానెడు వదిలేస్తే మీరు ఊరుకుంటారా?

ఇక మీ దుకాణం. దీని మీద రింగు కంటే మీ గురించి ఎక్కువ చెప్పాలని ఉంది. డబ్బా మీద పేరు పక్కన ఈసీ అని ఉంటుందే, క్లోరోపైరిఫాస్ 20 ఈసీ లాంటివి, నీళ్ళలో పోస్తే పాలలా తెల్లబారేవి, వాటిలో మందుని కరిగించి ఉంచేది జైలీన్ జాతి ద్రావకాలు. నైట్రైల్ కూడా వాటికి ఉబ్బుతుంది. నీళ్ళలో కరిగే పొడులు, గ్లైఫోసేట్ లాంటి నీటి మందులు రబ్బరు జోలికి అంతగా వెళ్ళవు. అయితే నిజం చెప్పాలంటే, చేతి మీద పడిన రెండు చుక్కలు మూత అంచు దాటి లోపలి రింగు దాకా వెళ్ళేది తక్కువ. పక్కన టైము సరిచేసే కీ ఉంటుందే, దాని మొదట్లో ఉండే బుల్లి రింగుకి ముందు తగులుతుంది. నా భయం అది కాదు. ఆ చుక్కలు వాచీ బెల్టు కిందికి జారి, మీ మణికట్టు చర్మానికి అంటుకుని, సాయంత్రం దాకా అక్కడే ఉంటాయి. తోలు బెల్టయితే పీల్చి దాచుకుంటుంది, రేపు చెమటతో మళ్ళీ ఇస్తుంది. గుణుపురం, పద్మపురం వైపు పత్తికి మందు కొట్టే కుర్రాళ్ళ చేతికి గుడ్డ బెల్టు వాచీలు చూస్తుంటాను, కడుపులో దేవినట్టుంటుంది. మందు కొలిచేముందు వాచీ తీసి గల్లాపెట్టెలో పెట్టండి. గ్లవ్స్ వేసుకోండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరాక పెట్టుకోండి. మీ దగ్గర కొనుక్కునేవాళ్ళకి కూడా ఒక మాట వేయండి. మీరు చెబితే వింటారు.

శానిటైజరులో ఉండేది స్పిరిట్. తుడిచినంత మాత్రాన ఈ రబ్బర్లకి ఏమీ కాదు. దోమల మందు సంగతి వేరు. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో దోమల మందు మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, మలేరియా కంటే వాచీ గొప్పదా! కానీ డీట్ అనే, దోమల్ని తరిమే రసాయనం ఉన్న మందులు ప్లాస్టిక్‌ని, వాచీల ప్లాస్టిక్ అద్దాల్ని మెత్తబరుస్తాయి, తోలునీ పాడుచేస్తాయి. వాచీ తీసి రాసుకోండి, చర్మం మీద తడి ఆరాక పెట్టుకోండి. రాసిన వేళ్ళతో కీ తిప్పకండి. అంతే.

వాజలీన్ దగ్గరికి వద్దాం. దీని మీద రెండు వైపులా అతి మాటలే వింటాం. రబ్బరుని తినేస్తుందనేవాళ్ళది సగం నిజం. వాజలీన్ పెట్రోలు ఇంటి సరుకే కాబట్టి ఈ.పీ.డీ.ఎం.ని ఉబ్బిస్తుంది, నైట్రైల్‌ని పెద్దగా ఏమీ చేయదు. అయినా వద్దంటాను. అది ఎండలో ఆపిన బండి మీది వేడికే కరిగి, గాడి వదిలి మిషను మీదికి పాకుతుంది. వాచీ మిషనులో నూనె ఉండాల్సిన చోట చుక్క కూడా ఎక్కువే, ఉండకూడని చోట సంగతి చెప్పక్కర్లేదు. కొబ్బరినూనె అంతకంటే అన్యాయం. 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది, కొరాపుట్ చలికాలంలో ఇది రాసుకున్న కీ తిప్పి చూడండి. కొన్నాళ్ళకి చిక్కబడి జిగురు తీరుకి వస్తుంది. రాయాల్సింది సిలికోన్ గ్రీజు. అది కూడా రింగు మెరిసేంత, ముద్దలా కాదు. రెండు స్పాంజీల మధ్య నొక్కి తీసే చిన్న డబ్బీలు వాచీ సామాన్ల కొట్లో దొరుకుతాయి. గ్రీజు నీళ్ళని ఆపదు, ఆపేది రింగే. మూత బిగించేటప్పుడు రింగు మెలిపడకుండా, కీ తిప్పినప్పుడు ఒరుసుకోకుండా చూడడమే గ్రీజు పని. ఒక్క మినహాయింపు ఉంది. సిలికోన్ రింగుకి సిలికోన్ గ్రీజు రాయకూడదు. చుట్టరికం మళ్ళీ మొదలవుతుంది.

ఇంత చెప్పి, నా సలహా ఒక్క ముక్కలో చెబుతాను. రింగుని కాపాడుకునే ప్రయత్నం తగ్గించండి, మార్చడం పెంచండి. ఏ మందూ తగలకపోయినా రింగు తన పనిలోనే అరిగిపోతుంది. గుండ్రంగా ఉండాల్సినది రెండు ఉక్కు పలకల మధ్య ఏళ్ళ తరబడి నలిగి పలకబారుతుంది, వదిలేసినా మళ్ళీ గుండ్రబడదు. సెల్ మార్చిన ప్రతిసారీ కొత్త రింగు వేయమని అడగండి. వాచీలో అన్నిటికంటే చవకైన భాగం అదే. మూత రింగు ఒక్కటే కాదు, కీ లోపలి రింగు కూడా చూడమనండి. నా అనుభవంలో నీళ్ళు వచ్చిన వాచీల్లో సగానికి పైగా కీ దారినే వచ్చాయి. కీ సగం లాగి మరిచిపోవడం, తడిచేతులతో టైము సరిచేయడం దీనికి కారణాలు.

వెనక రాసిన 5 బార్ గురించి కూడా చెప్పాలి. ఒక బార్ అంటే సుమారు 10 మీటర్ల లోతులో కదలకుండా ఉన్న నీటి ఒత్తిడి. అది కొత్త రింగుతో, పరీక్ష గదిలో వచ్చిన లెక్క. మీ వాచీకి ఇప్పుడు 5 బార్ లేదు, అర బార్ కూడా లేదు. రింగు మార్చాక కూడా వేడినీళ్ళ స్నానానికి తీసేయండి. వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ఆ మీదట చన్నీళ్ళు పోసుకుంటే గాలి ఒక్కసారిగా ముడుచుకుని చుట్టూ ఉన్న తడిని లోపలికి గుంజుతుంది. సబ్బు కలిసిన నీళ్ళు మామూలు నీళ్ళు దూరని సన్న సందుల్లో కూడా దూరతాయి. గోపాలపురం సముద్రంలో మునిగి వచ్చినవాళ్ళు మాత్రం మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు రబ్బరుని ఏమీ చేయదు గానీ గాడి లోహాన్ని తినేస్తుంది. గాడి గుంటలు పడ్డాక ఎంత మంచి రింగైనా కూర్చోదు.

కొత్త రింగు సరిగా పట్టిందో లేదో గాలి ఒత్తిడి పెట్టి చూసే యంత్రాలు బరంపురంలోనూ విశాఖలోనూ పెద్ద కొట్లలో ఉంటాయి. అంత దూరం వెళ్ళలేకపోతే ఇంట్లో చేసుకునేది ఒకటుంది. వాచీల అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 22810లో ఉన్న పద్ధతికి ఇది పేదవాడి రూపం. అక్కడ వాచీని 40 నుంచి 45 డిగ్రీల పలక మీద వేడెక్కిస్తారు. మీరు చేయి పెట్టి హాయిగా ఓర్చుకోగల వేడితో రబ్బరు నీళ్ళ సంచి సిద్ధం చేసుకుని, దాని మీద పొడిగుడ్డ పరిచి, వాచీని పావుగంట ఉంచండి. అద్దం మీద మామూలు చల్లటి నీటి చుక్క వేయండి. ఒక నిమిషం తర్వాత తుడిచి, వెలుతురికి వాల్చి చూడండి. చుక్క ఉన్నచోట లోపలివైపు మంచుపొర కనబడితే లోపల తడి ఉన్నట్టే, మళ్ళీ మూత తీయించాలి. ఏమీ లేకపోతే లోపల పొడిగా ఉంది. రింగు మార్చిన రోజు ఒకసారి, వారం రోజులు చేతికి పెట్టుకున్నాక ఒకసారి చూసుకోండి.

మీ నాన్నగారి జనతాకి రింగు వేయించవద్దు. హెచ్.ఎం.టి. వాచీలంటే 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో బెంగళూరులో మొదలైన కార్ఖానావి. నౌపడా నుంచి గుణుపురం దాకా చిన్న రైలు నడిచిన రోజుల్లో ఆ బండిలో టైము అడిగితే పది చేతులు లేచేవి, వాటిలో ఎనిమిది హెచ్.ఎం.టి.లే ఉండేవి. జనతాని నీళ్ళకోసం కట్టలేదు. మూతలో గాడి లేనిచోట రింగు ఇరికిస్తే మూత సరిగా నొక్కుకోదు, ఉన్న కాస్త బిగువూ పోతుంది. అద్దం ఆక్రిలిక్, కేసు అంచుకి తన బిగువుతోనే పట్టుకుని ఉంటుంది. దానికి శానిటైజరు, దోమల మందు, థిన్నరు ఏదీ తగలనివ్వకండి. పని నేర్చుకునే రోజుల్లో ఒక మాస్టారి జనతా అద్దం మీద జిగురు మరక పోగొడదామని థిన్నరు గుడ్డతో ఒక్కసారి తుడిచాను. అద్దం కళ్ళముందే కలి నీళ్ళలా మారిపోయింది. మాస్టారు ఏమీ అనలేదు. కొత్త అద్దం డబ్బులు నా కూలిలోంచే పోయాయి. గీతలుంటే తెల్ల టూత్‌పేస్టు మెత్తటి గుడ్డకి రాసి మెల్లగా రుద్దండి, చాలావరకు పోతాయి. వానాకాలంలో దాన్ని పెట్టుకోకండి. వారానికోసారి కీ ఇచ్చి నడవనివ్వండి.

మీ వీధి చివర అతని మీద కోపం పెట్టుకోకండి. పెట్రోలు గిన్నె అతనికి తన గురువు ఇచ్చిందే, నాకూ అలాగే వచ్చింది. మిషను చక్రాలకి అది ఇప్పటికీ పనికొస్తుంది, రింగు మాత్రం అందులో పడకూడదు. రింగుకి పొడిగుడ్డతో తుడుపు చాలు, మరీ జిడ్డుగా ఉంటే గోరువెచ్చటి సబ్బునీళ్ళు. ఇప్పుడు మూత తీసినప్పుడు ఆ పాత రింగుని పారేయనివ్వకండి. ఒక తెల్లకాగితం మీద పెట్టి, అతికిన చోట ఎంత సందు విడిందో ఇద్దరూ కలిసి చూడండి. అతనికి నేను ఇంత రాయక్కర్లేకుండా అర్థమైపోతుంది.